స్టైపెండు వచ్చేవానికి సహాయమెందుకు?
(షోలాపురంలో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషను ప్యాసై రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. దరఖాస్తులు చదవడమూ, అవి ఎందుకు తిరిగి వస్తాయో చూడడమూ నా నిత్యకృత్యం. అందుకే కాబోలు, కార్యదర్శిగారు ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు.

మగ్గం మీదా, బీడీల చాట మీదా బ్రతికిన మన ఇళ్ళలోనుంచి ఈనాడు పిల్లలు ఎం.టెక్కుకూ, పి.హెచ్.డి.కీ వెళ్తున్నారు. అటువంటి పిల్లవాడు సంఘం విద్యానిధికి దరఖాస్తు పెట్టినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది: “సర్కారు వానికి స్టైపెండు ఇస్తున్నది గదా, మళ్ళీ మనమెందుకు?” న్యాయమైన ప్రశ్నే. కాని లెక్క చూడకుండా అడిగే ప్రశ్న.

గేటు పరీక్షతో ఎం.టెక్కులో చేరిన అర్హునికి నెలకు 12,400 రూపాయలు. అదీ ఊరకే రాదు; వారానికి ఎనిమిది గంటలు ప్రయోగశాలలోనో, తరగతిలోనో పని చేయాలి. తిండి, హాస్టలు, పుస్తకాలు, ఇంటికి రాకపోకలు అన్నీ అందులోనే. ఆరునెలలకొకసారి కట్టే ఫీజు తల మీద ఉండనే ఉంటుంది. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. పొందినవాని సంగతి వేరు. 2023 జనవరి 1 నుండి అతనికి నెలకు 37,000, రెండేళ్ళు గడిచి పై మెట్టెక్కితే 42,000. ఈ ఇద్దరినీ “స్టైపెండు పిల్లలు” అని ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. మొదటివానికి మన చేయూత కావాలి. రెండవవానికి మామూలుగా అక్కరలేదు.

మామూలుగా అన్నాను. మంజూరైన డబ్బంతా నెలనెలా చేతికొస్తుందని అనుకోకండి. మా వీధిలో బీడీలు చుట్టే తల్లి కొడుకు ఒకడు పరిశోధనలో ఉన్నాడు. వరుసగా మూడు నెలలు అతని డబ్బు రాలేదు. మెస్సు బాకీ పెరిగింది. తర్వాత అంతా ఒక్కసారి వచ్చింది. ఆ మూడు నెలలూ ఆ తల్లి వడ్డీకి తెచ్చి పంపింది. ఇటువంటివారికి దానం అక్కరలేదు, తిరిగి చెల్లించే చేబదులు చాలు. మన నిధిలో దానికి పద్దు లేదు. ఉండాలని నా మనవి.

ఇక చట్టం సంగతి. ఒకే కాలానికి రెండు ఫెలోషిప్పులు తీసుకోరాదు. ఒకే ప్రయాణానికి రెండు పాసులు చెల్లనట్లే. కేంద్రం వారి స్కాలర్‌షిప్పుల పోర్టలులో కూడా ఒక విద్యార్థికి ఒకటే. “స్టైపెండు మాట వ్రాయకుంటే పోదా?” అని కొందరు తల్లిదండ్రులు చాటుగా అడుగుతారు. పోదు. ఆధారుతో ముడిపడిన ఖాతాలో పడిన డబ్బు దాగదు. బయటపడితే తిరిగి కట్టవలసినవాడు పిల్లవాడే.

అయితే అప్పు వేరు, స్కాలర్‌షిప్పు వేరు. బ్యాంకులు పాటించే విద్యారుణ నమూనా పథకంలో నాలుగు లక్షలు దాటితే మన వంతు కొంత పెట్టాలి: దేశంలో చదువుకు నూటికి 5, విదేశానికి 15. స్కాలర్‌షిప్పును ఆ వంతులో కలుపుకోవచ్చు. ఎనిమిది లక్షల ఖర్చుకు మన వంతు 40,000. దాచిపెడితే ఆ సౌకర్యం మీరే పోగొట్టుకున్నవారవుతారు! చదువు ముగిసిన ఏడాది దాకా వాయిదాలు లేవు గాని, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. చదువుకునే కాలంలోనే వడ్డీ కట్టేవారికి నూటికి ఒకటి తగ్గించే వీలు ఆ పథకంలో ఉన్నది. మేనేజరుగారిని అడగండి, అడగనివారికి ఎవరూ చెప్పరు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మిలో, ఏటా ఎనిమిది లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలకు పది లక్షల అప్పు వరకు వడ్డీలో నూటికి 3 ప్రభుత్వం భరిస్తుంది. కాని వేరే సర్కారీ స్కాలర్‌షిప్పుకో, వడ్డీ రాయితీకో అర్హులైనవారికి అది లేదు. ఆ పంక్తి చదివిన తర్వాతనే సంతకం చేయండి.

అమెరికా వెళ్ళేవారికి ఒక్క మాట. అక్కడి ఫెడరల్ ప్రభుత్వ సహాయం విద్యార్థి వీసా మీద పోయిన మన పిల్లలకు వర్తించదు. విశ్వవిద్యాలయం ఇచ్చే అసిస్టెంటుషిప్పే ఆధారం. ఏజెంటు ఏమి చెప్పినా సరే.

మన దరఖాస్తు ఫారంలో తండ్రి ఆదాయం అడుగుతాము. పిల్లవాడు ఇంటికి ఎంత పంపుతున్నాడో అడగము. 12,400లోనుంచి అక్క పెళ్ళి అప్పుకు నెలకు మూడువేలు పంపేవాడు కూడా ఆ ఫారంలో “ఆదాయం గలవాడు”గానే కనబడతాడు. స్టైపెండు ఎంత, ఆఖరుసారి ఏ తేదీన వచ్చింది, ఫీజు ఎంత, ఇంటికి పంపేది ఎంత: ఈ నాలుగు గడులు చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. స్టైపెండు అనే మాట చూసి పక్కన పెట్టిన దరఖాస్తులను మరొకసారి తీసి చూడవలసిందిగా పెద్దలను ప్రార్థిస్తున్నాను.

దరఖాస్తు వ్రాసుకోవడం కష్టమనిపించినవారు ఆదివారం ఉదయం సంఘం గదికి రండి, నేనుంటాను. తహసీలు కచేరీ ఆదాయపు దాఖలా, ఫీజు రసీదులు, బ్యాంకు పుస్తకం వెంట తీసుకురండి. జిరాక్సులు కాదు, అసలువి.