నదిని ఆపని ఇంజనీరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏదైనా నీ అనుభవం చెప్పమన్నారు మిత్రులు. ఇంజనీరుని కాబట్టి ఒక నది గురించి చెబుతాను.

చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో, చెంగ్డూ నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో దూజియాంగ్‌యాన్ ఉంది. ఉద్యోగం పని మీద చెంగ్డూ వెళ్లినప్పుడు ఒక ఆదివారం అక్కడికి వెళ్లాను. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నది మీద చేపట్టిన నీటిపారుదల పని అది. నేటికీ 5,000 చదరపు కిలోమీటర్లకు పైగా నేలను తడుపుతోంది.

విశేషమేమిటంటే, ఆయన నదికి అడ్డంగా ఆనకట్ట కట్టలేదు. వెదురు బుట్టల్లో రాళ్లు నింపి, నది మధ్యలో చేప మూతి ఆకారంలో ఒక గట్టు వేయించాడు. నది రెండు పాయలయింది. లోపలి పాయ లోతు, ఇరుకు. బయటి పాయ వెడల్పు. ఎండాకాలంలో నీరు ఎక్కువగా లోతైన పాయలోకి, అంటే పొలాల వైపు వెళుతుంది. వరదొస్తే ఎక్కువ భాగం వెడల్పు పాయ పట్టి పోతుంది. లోపలికి వచ్చిన అదనపు నీరు ఒక పొట్టి కట్ట మీదుగా పొర్లి, ఇసుకను కూడా వెంటబెట్టుకుని బయటి పాయలో కలుస్తుంది. ఇప్పుడు కాంక్రీటు, గేట్లు చేరాయి గానీ పద్ధతి అదే.

పక్కనే చింగ్‌చెంగ్ కొండ. తావో మతానికి పాత పుట్టిళ్లలో అదొకటి. ఈ రెండింటినీ కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తావోలో 'వు వెయ్' అనే మాట ఉంది. అక్షరాలా చూస్తే 'చేయకపోవడం'. సోమరితనానికి సమర్థనలా వినిపించే ఆ మాటకు అర్థం నాకు ఆ గట్టు మీద తెలిసింది. చేయకూడనిది బలవంతం. నీటి స్వభావం తెలుసుకుని, దానికి దారి చూపడమే పని.

ఇంకో సంగతి ఉంది. ఆ పథకం తనంతట తాను నిలవలేదు. తరతరాలుగా చలికాలంలో నీరు తగ్గినప్పుడు పాయను తాత్కాలికంగా మూసి, పూడిక తీస్తూ వచ్చారు. ఎంత లోతు తవ్వాలో తెలియడానికి నది అడుగున ఇనుప కడ్డీలు పాతి పెట్టారు. అవి కనబడేదాకా తవ్వాలన్నమాట.

అక్కణ్ణుంచి వచ్చాక నాకొక అలవాటయింది. మురుగుకాలువ పని అప్పగిస్తే ముందు డ్రాయింగు తీయను. వాన పడే రోజున గొడుగు వేసుకుని వెళ్లి, నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తాను. ఆ వీధిలో ఉండే పెద్దవాళ్లను అడుగుతాను.

ఇప్పుడు మన బడి మాట. స్వర్ణోత్సవ గుర్తుగా పెద్ద ముఖద్వారం కట్టాలని ప్రతిపాదన వచ్చింది. కట్టుకుందాం, నేను కాదనను. కానీ పిల్లలను, ఆయాలను, పంతుళ్లను ముందు అడుగుదాం. ఏ కుళాయి రావడం లేదు? ఏ గది కారుతోంది? ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా? ఏటా జూన్‌లో బడి తెరిచేలోగా ఆ మరమ్మతులు చేయించే చిన్న నిధి ఒకటి పెడదాం. మన ఇనుప కడ్డీ అదే అనుకుందాం.

మొదటి ఏడాది ఖర్చు నాది. రెండో ఏడాదికి పేరు ఇచ్చేవాళ్లు ఈ సభలోనే ఉన్నారని నా నమ్మకం. సెలవు.