ఆల్బంలో లేనివాళ్ల బొమ్మలు
(అధ్యక్షోపన్యాసం)

కుటుంబ జ్ఞాపకాలనూ పాత ఫొటోలనూ కామిక్స్‌గా మలచడం ఈ సదస్సు అంశం. ఎదురుగా బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారు, చరిత్ర రాసేవాళ్లు ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే మాట ఒకటి ముందే చెప్పుకోవాలి. పాత ఫొటోను అచ్చు గుద్దినట్టు దింపడం కామిక్స్ పని కాదు. కెమెరా చూడనిదీ, చూడలేకపోయినదీ, ఎవరో చూడనివ్వనిదీ గీయడం దాని పని. అయితే ఆధారం ఎక్కడ ఆగిందో, ఊహ ఎక్కడ మొదలైందో చదివేవారికి తెలియాలి. ఆ గీత చెరిగిపోతే మిగిలేది కథే, జ్ఞాపకం కాదు.

ఈ తరహా పుస్తకాల్లో అందరికీ ముందు గుర్తొచ్చేది ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’. నాజీల శిబిరం నుంచి బతికి బయటపడ్డ పోలండ్ యూదు వ్లాడెక్. ఆయన్ని కొడుకు స్పీగెల్‌మన్ న్యూయార్క్‌లో టేపు రికార్డరు ముందు కూర్చోబెట్టి చెప్పించిన కథ అది. అందులో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. మొదటి సంపుటం 1986లో, రెండోది 1991లో వచ్చాయి. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది.

అంత పుస్తకంలోనూ అసలు ఫొటోలు మూడే. ఒకదానిలో వ్లాడెక్ చారల ఖైదీ బట్టల్లో నిలబడి ఉంటాడు. శిబిరంలో తీసిందే అనిపిస్తుంది. కాదు. యుద్ధం అయిపోయాక ఒక ఫొటో స్టూడియోలో ఆ బట్టలు పెట్టి ఉంటే, గుర్తుగా ఉంటుందని తొడుక్కుని తీయించుకున్నాడు. బట్టలు కొత్తవి, మరక లేనివి. మనిషి పడ్డ బాధ నిజం, ఫొటోలో ఉన్నది వేషం. ఎలుక ముఖాల బొమ్మలు కల్పననీ, ఫొటో ఒక్కటే సాక్ష్యమనీ అనుకుంటూ వచ్చిన పాఠకుడు ఇక్కడికి వచ్చేసరికి మొదటి పేజీ నుంచీ మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది.

అదే పుస్తకంలో తల్లి ఆన్యా సంగతి ఇంకో రకం. ఆమె రాసుకున్న డైరీలను, ఆమె చనిపోయాక వ్లాడెక్ తగలబెట్టేశాడు. కొడుకు కావాలనుకుంటే తల్లి గొంతు తనే అల్లేయవచ్చు. అలా చేయలేదు. డైరీలు పోయాయన్న సంగతి బయటపడ్డ ఘట్టాన్నీ, తన కోపాన్నీ గీసి, ఆమె వైపు కథను ఖాళీగానే వదిలేశాడు. ఆ ఖాళీయే పుస్తకంలో ఒక పాత్రలా నిలిచిపోయింది.

అలిసన్ బెక్‌డెల్ ‘ఫన్ హోమ్’ 2006లో వచ్చింది. ఆమె ఫొటోలు అతికించలేదు, ఒక్కొక్కటీ సన్నటి గీతలతో మళ్లీ గీసింది. మిగతా బొమ్మల కోసం ప్రతి పాత్ర భంగిమలో తనే నిలబడి ఫొటో తీసుకుని, దాన్ని చూసి గీసింది. ఆమె తండ్రి 1980లో చనిపోయాక బయటపడ్డ ఒక ఫొటో, పుస్తకం నడిమధ్యన రెండు పేజీల నిండా ఉంటుంది. అందులో పిల్లల్ని చూసుకోవడానికి వచ్చే యువకుడు హోటల్ మంచం మీద పడుకుని ఉంటాడు. అంచున నెల, సంవత్సరం అచ్చయి ఉన్నాయి. తండ్రి సంవత్సరం మీద సిరా పూసి, నెలను అలాగే వదిలేశాడు. తండ్రి దాచినదేమిటో ఆ ఫొటో కొంత చెబుతుంది, సగంలో ఆగిన ఆ సిరా మరక ఇంకా ఎక్కువ చెబుతుంది. ఫొటో పట్టుకున్న తన వేళ్లను కూడా బెక్‌డెల్ గీయడం గమనించాలి. చూస్తున్నది ఎవరో దాచకపోవడం కూడా నిజాయితీయే.

ఫొటోనీ బొమ్మనూ పక్కపక్కన నడిపించిన పుస్తకం ఫ్రాన్సులో వచ్చింది. 1986లో డాక్టర్ల బృందం వెంట అఫ్గానిస్తాన్ వెళ్లిన దిదియే లెఫెవ్ర్ వేల ఫొటోలు తెచ్చాడు. ఆయన స్నేహితుడు ఇమాన్యుయేల్ గిబెర్, ఫొటో ఉన్నచోట ఫొటో పెట్టి, లేనిచోట విన్నదాన్ని గీశాడు. ఏది కెమెరా చూసిందో, ఏది మనిషి చెప్పిందో వేలుపెట్టి చూపించవచ్చు.

ఇదంతా బయటి సంగతనుకోనక్కర్లేదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు చూడండి. గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద పూసి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు, వరసకూ వరసకూ మధ్య పూల అంచు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, కూనపులివాళ్లు పద్మశాలీలకు, డక్కలివాళ్లు మాదిగలకు ఆ పటం విప్పుకుంటూ, బొమ్మ చూపిస్తూ వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు చెబుతారు. వంశం కథను గళ్లలో చెప్పడం తెలుగు నేలకు కొత్త కాదు. పటంలో ఉన్నది కులం మొత్తానిది. ఇప్పుడు కావలసింది ఒక్కొక్క ఇంటిది.

ఆ ఒక్కొక్క ఇంట్లో ఫొటో ఉందా అన్నది అసలు చిక్కు. ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ కెమెరా పట్టిన కాలానికే నవాబుల, దొరల ముఖాలు ఆల్బంలకు ఎక్కాయి. అదే రాజ్యంలోని ఒక మాదిగ కుటుంబం కథను వై.బి. సత్యనారాయణ ‘మై ఫాదర్ బాలయ్య’గా 2011లో ఇంగ్లీషులో రాశారు, తర్వాత తెలుగులోకీ వచ్చింది. మెత్తటి తోలుతో చెప్పులు కుట్టి ఇచ్చిన పూర్వీకుడికి నిజాం 50 ఎకరాలు ఇస్తే, ఊరి దొర రెండెకరాలే మిగిల్చాడని అందులో ఉంది. దీనికి ఫొటో ఎవరు తీస్తారు? పోయిన 48 ఎకరాలు ఏ ఆల్బంలో దొరుకుతాయి? ఇలాంటి ఇళ్లకు కామిక్స్ అలంకారం కాదు, అవసరం.

ఉత్తరాంధ్రలో రంగం, అంటే బర్మా, వెళ్లొచ్చిన తాతల మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక రంగూన్ వదిలి వేలమంది భారతీయులు నడిచి బయల్దేరారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. చంటిపిల్లను ఎత్తుకుని అడవి దాటేవాళ్లు ఫొటో పటాలు మోసుకొస్తారా? ఆ ప్రయాణం గురించి ఇంట్లో అత్త ఒకలా, పెదనాన్న ఇంకోలా చెబితే రెండూ గీయాలి. ఎవరు చెప్పిందో పక్కన రాయాలి.

గోడ మీద దండ వేసిన ఫొటోనీ అనుమానంగానే చూడాలి. చాలా ఇళ్లలో నాయనమ్మ ముఖం ఏ పెళ్లి గుంపు ఫొటోలోంచో కత్తిరించి పెద్దది చేయించినది. పమిట అంచు, బొట్టు స్టూడియోవాళ్ల కుంచె పెట్టినవి. భుజం దగ్గర సగం తెగిన చెయ్యి ఎవరిది? చెల్లెలిదా, సవతిదా, పనిమనిషిదా? ఆ ప్రశ్నతో పది పేజీల కామిక్ మొదలవుతుంది.

ఇక అనుమతి. వ్లాడెక్ తన పెళ్లికి ముందు స్నేహం గురించి చెప్పి, అది పుస్తకంలో పెట్టొద్దంటాడు. కొడుకు సరేనని మాటిస్తాడు. ఆ కథా, ఆ మాటా రెండూ పుస్తకంలో ఉన్నాయి. అది తప్పా ఒప్పా అన్నది వాదించుకోదగ్గదే. బతికున్న పిన్ని గురించి, విడిపోయిన వదిన గురించి గీసేవాళ్లు ఆ వాదన పెన్సిలు పట్టకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

మధ్యాహ్నం కార్యశాలకు వచ్చేవాళ్లు తలా ఒక ఫొటో తెచ్చారు. జిగురు పేజీల ఆల్బంలోంచి వాటిని పీకవద్దు, పేజీతో సహా స్కాన్ చేయించండి. విడి ఫొటో అయితే వెనక ఉన్న స్టూడియో ముద్ర, చేతిరాత కూడా స్కాన్ కావాలి. మొదటి గంటలో ఎవరూ బొమ్మ వేయకూడదు. ఆ రోజు ఇంట్లో ఉండి కూడా ఫొటోలో లేనివాళ్ల జాబితా రాయాలి: తీసినవాళ్లు, వంటింట్లో ఉన్నవాళ్లు, రానన్నవాళ్లు, రానివ్వనివాళ్లు. పేరు తెలియకపోతే అక్కడే ఇంటికి ఫోన్ చేసి పెద్దవాళ్లను అడగండి, వాళ్లు ఒప్పుకుంటే మాట రికార్డు చేయండి. గళ్లు గీయడం రెండో గంటలో.