తెలియని భాషలో పాట



శతాబ్ది పండుగనాడు సత్ప్రసాద ఆశీర్వాద సమయములో "తాంతుమ్ ఎర్గో"ను లతీనులో పాడుదమా, తెలుగులో పాడుదమా అని మన గాయక బృందములో చర్చ నడుచుచున్నది. "అర్థము కాని పాట ఎందుకు?" అని పిల్లలు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నే. లతీను పూజ ఎరిగిన పెద్దలముగా మేము జవాబు చెప్పవలసియున్నది.

1963 డిసెంబరు 4న వాటికన్ మహాసభ ఆరాధన శాసనమును వెలువరించినది. ఆ తరువాత క్రమముగా తెలుగు వచ్చినది. అంతవరకు మన పాట పూజ లతీనులోనే. అక్షరము రానివారు సైతము విని విని కంఠస్థము చేసి పాడేవారు. "కీరియె" గ్రీకు మాట అనిగాని, "హోసాన్న" హెబ్రీ మాట అనిగాని వారిలో ఎందరికి తెలుసు? మృతుల పూజ ముగిసి, నల్లని వస్త్రములు ధరించిన స్వామివారు మృతదేహము చుట్టు తిరుగుచు తీర్థము చల్లి సాంబ్రాణి వేయునపుడు ఆ పాట ఎత్తుకొనేవారము. కన్నీరు ఆగేది కాదు. మాటలు తెలియకున్నను, ఎవరి కొరకు పాడుచున్నామో, ఎవరికి మొర పెట్టుచున్నామో తెలుసు. అర్థము మాటలనుండి గాక ఆ ఘడియనుండి వచ్చినది. అదే పాట గ్రామఫోను రికార్డులో విన్నచో అంతగా కదిలేవారము కామేమో!

ఇది మనకొక్కరికే కాదు. తమిళనాట తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847) ఆరాధననాడు పంచరత్న కీర్తనలు పాడుదురు. వానిలో నాలుగు తెలుగు, ఒకటి సంస్కృతము. తెలుగు రానివారెందరో విని తన్మయులగుదురు. అట్లని "మా భాషలో పాటలేవీ?" అని అక్కడివారు అడుగక మానలేదు. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘము వెలసినది అందుకే. మన పిల్లల ప్రశ్న దానికి చుట్టమే గదా.

పునీత అగస్టీనువారు తన ఆత్మకథ పదవ భాగములో, పాటలోని మాటకంటె గానమే తనను ఎక్కువ కదిలించినపుడు అది పాపమని ఒప్పుకొన్నారు. ఆయనే 33వ కీర్తన వ్యాఖ్యానములో వేరొక సంగతి చెప్పినారు. కోత కోయువారు మాటలతో పాట మొదలుపెట్టి, సంతోషము పొంగినపుడు మాటలు విడిచి వట్టి రాగము తీసెదరట. మాటలకు అందని దేవునికి అట్టి స్తోత్రమే తగినదట. మన పొలములలో ఆ రాగము విననివారెవరు?

అయినను "ఆ రోజులే వేరు" అని తెలుగు పూజను లోకువ చేయువారితో మేము ఏకీభవించము. చదువురాని అమ్మమ్మ నేడు గుడిలో వాచకము విని, ఇంటికి పోయి మనుమలకు ఆ కథ చెప్పగలుగుచున్నది. లతీనుతో ఇది జరిగేది కాదు. కాని ఆ శాసనమే, విశ్వాసులు తమ వంతు భాగములను లతీనులో కూడ పాడగలిగి యుండవలెనని 54వ అధికరణలో చెప్పినది. ఈ మాట మాత్రము మనలో చాలామంది మరచినారు.

కనుక మా సలహా ఇది. పునీత తోమాసు అక్వినాసువారు 13వ శతాబ్దములో రచించిన పాటలోని చివరి రెండు చరణములే గదా ఇవి! ముందు ఒక బాలిక తెలుగు భావము చదువవలెను. పిదప అందరము లతీనులో పాడుదము. తెలుగు లిపిలో వ్రాసిన ప్రతులు సిద్ధముగా ఉన్నవి. ఆదివారము పూజ తరువాత సాధన. మా గొంతులు వణకుచున్నవి గాని వరుస మాత్రము మరువలేదు. పిల్లలు త్వరగా వచ్చి అందుకొనవలెను.