అక్షరానికీ గొంతు కావాలి



పోయిన సంక్రాంతి ముందు మాట. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి, "అమ్మా, పండక్కి రాలేనేమో" అని ఫోనులో మెసేజి పెట్టింది. పొయ్యి మీద పులుసు మరుగుతోంది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను. "సరే. నీ ఇష్టం" అని కొట్టి పంపేశాను. ఉద్యోగం చేసుకునే పిల్ల కదా, దాని వీలు చూసుకోమని నా ఉద్దేశం. అది మాత్రం అమ్మకి కోపం వచ్చిందనుకుని రెండు రోజులు మాటాడలేదు!

ఆలోచిస్తే తప్పు దానిది కాదు. "నీ ఇష్టం" అన్న మాటని ముద్దుగానూ అనొచ్చు, విసురుగానూ అనొచ్చు. తేడా అంతా గొంతులోనే ఉంది. మా జాలరిపేటలో బుట్ట నెత్తిన పెట్టుకొచ్చే మనిషి "చేపలో..." అని సాగదీస్తే, ఆ పూట సరుకు మీద ఆమెకి ఎంత ధీమా ఉందో కేకలోనే తెలిసిపోతుంది. ఆ కేకని కాగితం మీద పెట్టండి చూద్దాం! ఉత్త అక్షరాలే మిగులుతాయి.

ఈ చిక్కు మన ఒక్కళ్ళదే కాదు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, వేళాకోళాన్ని ఎవరూ నిజమనుకోకుండా పక్కన చుక్కలూ గీతలతో నవ్వుమొహం పెట్టమన్నాడు. 2003లో అక్కడివాళ్ళే జోడీ ఫోర్లిజ్జీ, జానీ లీ, స్కాట్ హడ్సన్ ఇంకో అడుగు వేసి, మెసేజిలో అక్షరాలనే కదిలించి భావం తెలిపే సాధనం గురించి రాశారు. సినిమాలకిది పాత విద్యే. 1959లో హిచ్‌కాక్ 'నార్త్ బై నార్త్‌వెస్ట్'కి సాల్ బాస్ పేర్లని పరిగెత్తించాడు. 2024 నుంచి ఐఫోన్ మెసేజిల్లో మాటని వణికించవచ్చు, ఉబ్బించవచ్చు.

కిటుకు చిన్నదే. గట్టిగా అన్న మాట పెద్దదవుతుంది. మెల్లగా అన్నది చిన్నదై నింపాదిగా వస్తుంది. భయమైతే వణుకుతుంది. ఆగినచోట తెర ఖాళీగా ఉంటుంది.

మన తెలుగుకి మాత్రం ఒక జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా గెంతినా ఫరవాలేదు. 'అమ్మ'లో వత్తు ఒకవైపు, మకారం ఒకవైపు పోతే అమ్మ మిగలదు! గుణింతం, వత్తు కలిసే కదలాలి. మన అక్షరాల అల్లిక అంత తేలిక కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క కూర్పు ఐఫోన్లలో మెసేజిలు తెరుచుకోకుండా చేస్తే, కంపెనీవాళ్ళు హడావుడిగా సవరణ పంపవలసి వచ్చింది.

ఇంకో మాట. కూరలో ఉప్పులాగే ఇదీ మితంగానే ఉండాలి. చావు కబురుకి గెంతే అక్షరాలు పనికిరావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూసిన ఊరు మనది. "పడవలు వెయ్యకండి" అన్న కబురు కదలకుండా, పెద్దగా, ఒక్క చూపులో చదివేలా ఉండాలి. చూపు మందగించిన పెద్దలకి రాసేటప్పుడూ అంతే.

చివరికి పక్కింటి కాలేజీ పిల్ల నాకో చిన్న వీడియో చేసిపెట్టింది. "నీ ఇష్టం" అని మెల్లగా వచ్చి, ఒక్క క్షణం ఆగి, "తల్లీ" అన్న మాట నిదానంగా విచ్చుకుంటుంది. పంపిన అయిదు నిమిషాల్లో అమ్మాయి ఫోను చేసింది. "ఆ 'తల్లీ' అన్న మాట మొదటే పెట్టొచ్చుగా అమ్మా!" అంది.

నిజమే కదూ? అక్షరం కదిలినా కదలకపోయినా, ఆ ఒక్క మాటా మానకండి. సెలవు.