రైలు పెట్టెలో పాత బాకీ

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



యూరపులో రైలు ప్రయాణం గూర్చి ఇరవై నిమిషాలు మాట్లాడమని సెక్రటరీ గారు సెలవిచ్చారు. ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనే వాళ్లం, తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి. మాటిమాటికి "మేము" అంటున్నామని పిల్లలు నవ్వుకోవచ్చు. అది గొప్పకు కాదు, "హమ్" అని అలవాటైన నోరు. ఈ ప్రయాణం విషయంలో ఆ మాట నిజం కూడా, ఎందుకంటే వెళ్లింది ఇద్దరం.

రెండవ వాడు మా చిన్ననాటి దోస్తు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా కర్నూలు పాతబస్తీలో ఒకే బడి, ఒకే బెంచీ. సాయంత్రమైతే తుంగభద్ర గట్టున కూర్చొని, పెద్దయ్యాక రైలెక్కి దేశాలు చూడాలని చెప్పుకునేవాళ్లం. మేము మాస్టరయ్యాము. అతడు జెద్దాలో ఏసీ మెకానిక్కు అయ్యాడు. 2023 వేసవి సెలవులలో, నలభై దాటిన తర్వాత, ఆ మాట నెరవేరింది. మేము ఐదేళ్లు కూడబెట్టి, శాఖ వారి అనుమతి తెచ్చుకొని, వీసా కోసం బ్యాంకు కాగితాలు పట్టుకొని తిరిగి, చివరకు హైదరాబాదు నుంచి బయలుదేరాము. అతడు జెద్దా నుంచి వచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో కలుసుకున్నాము.

ముందుగా అక్కడి రైళ్ల సంగతి నాలుగు మాటలు. యూరపు బయట ఉండే వారికి యూరెయిల్ పాస్ అని ఒకటుంది. 1959 నుంచి నడుస్తున్నది. మేము తీసుకున్నది ఒక నెలలో 7 రోజుల పాసు. ఎంచుకున్న రోజున ఎన్ని రైళ్లయినా ఎక్కవచ్చు. కానీ పాసు ఉంటే చాలదు. ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల వేగపు రైళ్లకు విడిగా సీటు రిజర్వేషను రుసుము కట్టాలి. జర్మనీలో చాలా రైళ్లకు ఆ అవసరం లేదు. పాసు ఇప్పుడు సెల్‌ఫోనులోనే వస్తుంది కనుక, రైలెక్కే ముందు ఆ ప్రయాణాన్ని అందులో చేర్చుకోవాలి. మరచిపోతే టిక్కెట్టు లేనట్టే లెక్క.

సరిహద్దు దాటడం మాత్రం మన తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు పోయినట్టే ఉంటుంది. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర ఐదు దేశాల వారు ఒప్పందం చేసుకున్నారు. 1995లో అది అమలుకు వచ్చింది. ఇప్పుడు 29 దేశాలు అందులో ఉన్నాయి. ఒకరితో ఒకరు రెండు మహాయుద్ధాలు చేసుకొని కోట్ల మందిని పోగొట్టుకున్న వాళ్లు, ఈనాడు మధ్యాహ్నం భోజనం ఒక దేశంలో, రాత్రి భోజనం మరో దేశంలో చేస్తున్నారు. మనుషులు తలచుకుంటే పాత పగలు తీరుతాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మొదట హైడెల్‌బెర్గ్ వెళ్లాము. ఉర్దూ చదివిన వారికి ఆ ఊరి పేరు తెలుసు. అల్లామా ఇక్బాల్ 1907లో అక్కడ ఉండి జర్మన్ భాష నేర్చుకున్నారు. నెకర్ నది ఒడ్డున ఒక సాయంత్రం గూర్చి ఆయన రాసిన చిన్న కవితను మేము ఏటేటా పిల్లలకు చెబుతుంటాము. ఆయన ఉన్న ఇంటికి జ్ఞాపక ఫలకం ఉన్నది. నది ఒడ్డున ఒక భాగానికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఇన్నేళ్లు బోర్డు మీద రాసిన నదిని కళ్లతో చూసినప్పుడు మా గొంతు పట్టుకుంది. మా దోస్తు మాత్రం, "మన తుంగభద్రకు వానాకాలంలో ఇంతకంటే ఎక్కువ నీళ్లొస్తాయి రా" అన్నాడు.

మరునాడు చుట్టుపక్కల ఊళ్లు చూద్దామని లోకల్ రైలెక్కాము. ఒక స్టేషనులో జనమంతా దిగి ముందు పెట్టెల వైపు నడుస్తున్నారు. "అందరూ ముందుకు పోతున్నారు, మనమూ పోదాం" అన్నాడు అతడు. మా చేతిలో గైడు పుస్తకం ఉన్నది. "నక్కో మియా, పుస్తకంలో అట్లా లేదు" అని కూర్చోబెట్టాము. అక్కడ రైలు రెండుగా విడిపోయింది. ముందు సగం మేము వెళ్లవలసిన ఊరికి, వెనుక సగం ఇంకెక్కడికో. ఆ సంగతి పెట్టెలోని బోర్డు మీద వెలుగుతూనే ఉన్నదట. చదువుకున్న వాళ్లం, చూడలేదు. ఎవరూ లేని ఒక చిన్న స్టేషనులో గంటన్నర కూర్చున్నాము. అప్పుడు అతడు నవ్వుతూ, "మన టెన్త్ క్లాసు లాగే అయింది, ఒకే ప్లాట్‌ఫారం మీద ఎక్కినాం, నీ సగం ఒక దిక్కు, నా సగం ఒక దిక్కు" అన్నాడు.

అతడు నవ్వుతాలుకే అన్నాడు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత మనవి చేస్తాము.

జర్మనీ నుంచి పారిస్ మూడు గంటలు. ఆ దారిలో రైలు గంటకు 320 కిలోమీటర్ల దాకా పోతుంది. గ్లాసులో టీ తొణకదు. పారిస్‌లో అందరూ చూసే ఐఫెల్ టవర్ మేమూ చూశాము. ఆ తర్వాత పెద్ద మసీదుకు వెళ్లాము. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కోసం ప్రాణాలిచ్చిన ముస్లిం సిపాయిల జ్ఞాపకార్థం కట్టి, 1926లో తెరిచినది. మే నెలలో అక్కడ మగ్రిబ్ వేళ రాత్రి తొమ్మిదిన్నర. మాకు ఫ్రెంచి రాదు, మా ఇంగ్లీషు అక్కడ అంతగా నడవలేదు. మా దోస్తుకు జెద్దా అరబ్బీ వచ్చు. మసీదు దగ్గర అల్జీరియా వాళ్లు, ట్యునీసియా వాళ్లు, మొరాకో వాళ్లు అతడితో అన్నదమ్ముల్లా మాట్లాడారు. హలాల్ హోటలు, చౌక గది, మెట్రో దారి అన్నీ అతడే కనుక్కున్నాడు. బి.ఇడి చదివిన మేము సంచులు పట్టుకొని వెనుక నడిచాము.

పారిస్ నుంచి బార్సిలోనాకు ఆరున్నర గంటలకు పైగా పడుతుంది. దక్షిణాన సముద్రం పక్కన ఉప్పునీటి చెరువుల మధ్య రైలు పోతుంటే గులాబీ రంగు కొంగలు కనిపించాయి. తర్వాత పిరనీస్ పర్వతాల కింద 8 కిలోమీటర్ల సొరంగం. అటు దిగితే స్పెయిన్. ఒక వింత చెప్పాలి. స్పెయిన్ పాత రైలు పట్టాల మధ్య వెడల్పు 1668 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజి 1676. దాదాపు మన పట్టాలే. వేగపు రైళ్లకు మాత్రం తక్కిన యూరపు లాగే 1435తో కొత్త లైన్లు వేసుకున్నారు. అందుకే పారిస్ రైలు నేరుగా లోపలికి రాగలిగింది.

బార్సిలోనా నుంచి కర్డోబాకు, అంటే మన ఉర్దూ పుస్తకాల ఖుర్తుబాకు, సుమారు ఐదు గంటల ప్రయాణం. ఆ పెట్టెలోనే మేము నోరు విప్పాము.

1997 జూన్. పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మా బడి నుంచి ఒక్క అబ్బాయికి ఇంటర్ చదువుకు స్కాలర్‌షిప్ ఇస్తామని ఒక ధర్మసంస్థ వారు చెప్పారు. మా దోస్తుకు మాకంటే 11 మార్కులు ఎక్కువ. దరఖాస్తుతో ఆదాయ ధ్రువపత్రం జత చేయాలి. అతడి అబ్బాజాన్ టైలరు, పక్షవాతం వచ్చి మంచాన ఉన్నారు. అతడు ఒక్కడే మూడుసార్లు ఆఫీసుకు తిరిగాడు. రేపు రా, ఎల్లుండి రా అన్నారు. గడువు దాటిపోయింది. మా మామూ అప్పుడు అదే ఆఫీసులో అటెండరు. మా కాగితం ఒక్క పూటలో చేతికొచ్చింది. మామూతో ఒక్క మాట, "వాడిది కూడా చూడు మామూ" అంటే పని అయిపోయేది. మేము అనలేదు. మరచిపోయి కాదు. 11 మార్కులు లెక్క వేసుకొని అనలేదు.

స్కాలర్‌షిప్ మాకు వచ్చింది. అతడు ఫ్రిజ్జులు బాగుచేసే షాపులో చేరాడు. 2001లో జెద్దా వెళ్లాడు.

ఇరవై ఆరేళ్లు కడుపులో దాచిన ఈ మాట రైలు పెట్టెలో చెప్పాము. అతడు కిటికీ వైపు చూస్తూ విన్నాడు. తర్వాత, "తెలుసు" అన్నాడు.

మా ఒళ్లు చల్లబడింది. "ఎట్లా తెలుసు?" అన్నాము.

"మీ మామూనే చెప్పినాడు, నేను జెద్దా పోయే ముందు. నాతో చెప్పివుంటే ఆ పిల్లోని పని కూడా చేసేవాణ్ణి కదా అని బాధపడినాడు. కోపం వచ్చింది. రెండేళ్లు నీకు ఉత్తరం రాయలేదు, గుర్తుందా?"

గుర్తుంది. గల్ఫ్‌లో పని ఒత్తిడి కాబోలు అనుకున్నాము. అట్లా అనుకోవడం మాకు సుఖంగా ఉండింది.

కొంతసేపాగి అతడన్నాడు: "స్కాలర్‌షిప్ నీకే వచ్చివుండవచ్చు, అది వాళ్ల ఇష్టం. ఇద్దరి కాగితాలు పోయుంటే నాకు రాకపోయినా బాధ లేదు రా. నన్ను తలుపు దాకా కూడా పోనియ్యలేదు, అదే బాధ."

"మాఫ్ చేసినావా?" అని అడిగాము. తోటివారి హక్కు, హుఖూఖుల్ ఇబాద్, ఆ మనిషి మాఫ్ చేయనిదే తీరదని బడిలో మేమే చెబుతుంటాము.

"చేసి చాలా ఏండ్లయింది. నువ్వు అడుగుతావా లేదా అని చూస్తున్నా. కానీ బాకీ బాకీయే. నాకు తీర్చవద్దు. మన ఊళ్లో ఈ రోజు కాగితం పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న పిల్లోనికి తీర్చు."

తర్వాత ఊరు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. బయట కొండలు, సొరంగాలు.

ఖుర్తుబా మసీదును మొదటి అబ్దుర్రహ్మాన్ 785 ప్రాంతంలో మొదలుపెట్టాడు. వెనుక వచ్చిన వారు పెంచుకుంటూ పోయారు. ఎనిమిది వందల యాభైకి పైగా స్తంభాలు, వాటి మీద ఎరుపు తెలుపు చారల కమానులు. 1236లో ఆ నగరం క్రైస్తవ రాజుల చేతికి వచ్చినప్పటి నుంచి అది చర్చి. పదహారవ శతాబ్దంలో నడుమ పెద్ద కెథెడ్రల్ కట్టారు. ఇక్బాల్ 1933లో ఇక్కడికి వచ్చి, దాని మీద పెద్ద కవిత రాశారు. ఇప్పుడు ముస్లిములు నమాజు చేయడానికి అనుమతి లేదు. ఆదివారం కాక తక్కిన రోజుల్లో పొద్దున ఒక గంట ప్రవేశం ఉచితం. ఆ గంటలోనే చూశాము. అక్కడ కన్నీళ్లు పెట్టుకొని రావడం ఒక పద్ధతి. మాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఇబ్నె రుష్ద్ 1126లో పుట్టింది ఈ ఊళ్లోనే. అరిస్టాటిల్ గ్రంథాలకు ఆయన రాసిన వ్యాఖ్యానాలు లాటిన్‌లోకి పోయి యూరపు విశ్వవిద్యాలయాలలో పాఠాలయ్యాయి. స్తంభాలు ఎవరి చేతికి పోయినా ఆ చదువు పోలేదు.

మసీదు ముంగిట నారింజ చెట్లు. స్పానిష్‌లో నారింజను "నరాంహ" అంటారు. సంస్కృతం నుంచి ఫారసీకి, అక్కడి నుంచి అరబ్బీకి, అరబ్బీ నుంచి స్పెయిన్‌కు పోయిన మాట అది. చక్కెర "అసూకర్" అయింది కూడా ఆ దారినే. మా దోస్తు హోటలు బోర్డుల మీద ఇట్లాంటి అరబ్బీ మాటలు ఏరి ఏరి చూపించాడు. బియ్యానికి "అర్రోస్", నూనెకు "అసేయితె". మేము నోటు పుస్తకంలో రాసుకున్నాము. ఈసారి మాస్టరు అతడు.

గ్రెనడాలో అల్‌హమ్రా చూశాము. టిక్కెట్లు ముందుగా పేరు మీద తీసుకోవాలి, పాస్‌పోర్టు చూపాలి, లోపలి మహలుకు ఇచ్చిన గడియలోనే వెళ్లాలి. గోడల నిండా ఒకే మాట మళ్లీ మళ్లీ చెక్కి ఉన్నది: అల్లాహ్ తప్ప విజేత లేడు. అది రాయించుకున్న రాజవంశం 1492 జనవరిలో నగరం అప్పగించి వెళ్లిపోయింది. ఎదుటి కొండ మీద 2003లో తెరిచిన మసీదు ఉన్నది. అక్కడ ఇద్దరం పక్కపక్కన నిలబడి, ప్రయాణికులం కనుక జొహర్ రెండు రకాతులు చదువుకున్నాము. మర్నాడు మాడ్రిడ్ చేరి, అతడు జెద్దా విమానం, మేము హైదరాబాదు విమానం ఎక్కాము.

పెద్దలారా, ఇప్పుడు బాకీ సంగతి. మన బస్తీలో తెలివి గల పిల్లలకు కొరత లేదు, స్కాలర్‌షిప్పులకూ పూర్తిగా కొరత లేదు. మధ్యలో కాగితం ఉన్నది. ఆదాయ పత్రం, బి.సి.-ఇ సర్టిఫికెట్టు, ఆధార్‌లో ఒక తీరుగా బడి రికార్డులో మరో తీరుగా ఉన్న పేరు, పనిచేయని బ్యాంకు ఖాతా. మామూ ఉన్నవాడికి ఒక పూట, లేనివాడికి మూడు వారాలు. ఆ తేడాలోనే గడువు దాటిపోతుంది.

కాబట్టి సొసైటీ వారికి మా విన్నపం ఇది. ప్రతి ఏడు ఫలితాలు వచ్చిన నాటి నుంచి గడువు ముగిసే దాకా ఆదివారాలు జొహర్ తర్వాత ఈ ఆఫీసు గది తెరిచి ఉంచండి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు చాలు. మాస్టర్లం మేము కూర్చుంటాము. ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన వారు ఒకరిద్దరు మాతో కూర్చుంటే ఆ పిల్లలందరికీ వారే మామూలు అవుతారు. కంప్యూటరు, ప్రింటరు కొనడానికి మా దోస్తు సొమ్ము పంపాడు. పేరు చెప్పవద్దన్నాడు, చెప్పడం లేదు.

విద్యార్థులారా, ఒక్క మాట. రేపు మీకు ఒక దారి దొరికితే, పక్క బెంచీ వాడికి కూడా చెప్పండి. మీ సీటు పోతుందేమోనని లెక్క వేయకండి. ఆ లెక్క మేము వేసి చూశాము. ఇరవై ఆరేళ్లకు కూడా సరిపోలేదు.

సెలవు. ఖుదా హాఫిజ్.