లారీ సారథుల స్వయంపాకము



నేటి నా ప్రసంగ విషయము విని మీలో కొందరు నవ్వవచ్చును. దూరదేశములకు లారీ తోలుకొని పోవువాడు దారిలో ఏమి తినవలయును, దానిని తానే ఎట్లు వండుకొనవలయును అనునదియే ఆ విషయము. బ్రతుకంతయు పిల్లలకు వ్యాకరణమును కావ్యమును చెప్పిన ముసలి పంతులునకు ఈ గొడవ యేల యందురేమో! మన నల్లగొండ, పాలమూరు సీమలలో లారీ మీద బ్రతుకు వెళ్లదీయు కొడుకో, అల్లుడో, మనుమడో లేని వాడకట్టు అరుదు. నా బడిలో ఓనమాలు దిద్దినవారిలోనే ఎందరో నేడు స్టీరింగు పట్టియున్నారు. అందువలననే నాకీ చింత.

2016లో ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విడిపోయినవి గాని, దారులు విడిపోలేదు. పూణె నుండి మచిలీపట్నమునకు పోవు 65వ జాతీయ రహదారి చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుచున్నది. శ్రీనగరము నుండి కన్యాకుమారికి పోవు 44వ రహదారి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరులను గడచి బీచుపల్లి కడ కృష్ణను దాటుచున్నది. మిర్యాలగూడ మిల్లుల బియ్యము, హుజూర్‌నగర్ ప్రాంతపు సిమెంటు, నల్లగొండ బత్తాయి ఈ దారులనే పరదేశములకు పోవుచున్నవి. సరకు చేరినదా యని అందరును అడుగుదురు. చేర్చినవాడు తిన్నాడా యని అడుగువారు లేరు.

మన భారతకథలో సారథియు వంటవాడును ఒక్కడే యైన పురుషుడు కలడు. అరణ్యపర్వమున నలమహారాజు రాజ్యము కోల్పోయి, బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణుని కొలువు చేసెను. గుఱ్ఱములను తోలుటలో ఎంతటి నేర్పరియో పాకమునందును అంతటి నేర్పరి. పెండ్లినాడు దిక్పాలకులు అతనికిచ్చిన వరములలో కోరినచోట నీరు, కోరినచోట నిప్పు, వండిన దానికి రుచి అను మూడును కలవు. దూరప్రయాణము చేయువానికి నేటికిని కావలసినవి ఈ మూడే. అయితే మన లారీ సారథికి వీనిని ఒసగు దేవతలు లేరు, తానే కూర్చుకొనవలయును.

మొదట నీటిమాట. నల్లగొండ నేలనీటిలోని ఫ్లోరైడు మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఎందరి వెన్నెముకలను వంచినదో మీకు నేను చెప్పనక్కరలేదు. నీటికి పటికయు సున్నమును కలిపి ఆ దోషమును తగ్గించు పద్ధతిని 1970ల దశకమున నాగపురములోని పరిశోధన సంస్థవారు రూపొందించిరి. దానికి మన నల్లగొండ పేరే నిలిచినది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకముచే నదీజలము గొట్టములలో ఊళ్లకు వచ్చినది. కావున డ్రైవరు ఊరు విడుచునప్పుడే ఇంటి నల్లా నీటిని రెండు శుభ్రమైన క్యానులలో నింపుకొనవలయును. నీటిని మరిగించిన చాలునని కొందరు తలంతురు. మరిగించుటచే క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గిన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. దారిప్రక్క బోరింగు నీరు కాళ్లు కడుగుకొనుటకు సరియే; వంటకును త్రాగుటకును ఇంటినీరే మేలు.

రెండవది నిప్పు. మన డ్రైవరులు లారీ ప్రక్కన బిగించిన పెట్టెలో చిన్న గ్యాసు బుడ్డిని, స్టవ్వును, కుక్కరును ఉంచుకొందురు. మంచిదే. కాని వానకో చలికో వెఱచి కేబినులో తలుపులు మూసి పొయ్యి వెలిగించుట ప్రాణాపాయము. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక క్రిందనే నిలిచి, ఒక్క అగ్గిపుల్లకై కాచుకొని యుండును. బొగ్గుల కుంపటి అంతకంటెను మోసకారి. దానినుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించినవాడు మరల లేవడు. వంట ఎప్పుడును నేలమీద, ఆరుబయట, గాలికి మరుగున చేయవలయును. పెట్రోలు బంకు దగ్గరను, ప్రత్తియో గడ్డియో నింపిన బండి దగ్గరను చేయరాదు.

మూడవది భోజనము. పూర్వము మన బండ్లవారు చెరువుగట్టున మూడు రాళ్లు పెట్టి వండుకొనెడివారు. లంబాడీలు ఎడ్లమీద ఉప్పును ధాన్యమును వేసికొని దేశమంతయు తిరిగిరి. వారు బండివెంట, ఎడ్లవెంట ఆమడలకొలది నడచిరి, తిన్నది అరిగెను. నేటి డ్రైవరు పగలంతయు కూర్చుండియే యుండును. కుండెడు అన్నము అతని కేల? అన్నము మిక్కుటమైనచో కన్నులు మూతపడును. అందును అర్ధరాత్రి దాటినది మొదలు తెల్లవారు వరకును, మధ్యాహ్నము రెండు గంటల మొదలు నాలుగింటి వరకును నిద్ర సహజముగనే మనుష్యుని క్రుంగదీయు వేళలు. ఆ వేళలకు ముందు నిండుగా తిని స్టీరింగు పట్టుట తనకును, ఎదుట వచ్చువానికిని మంచిది కాదు. మితముగా భుజింపుమని చరకసంహిత చెప్పిన మాట రథము నడుపువానికి మరింత వర్తించును.

ఏమి తినవలయును? మన ఇండ్లలో ఉన్నదే. పలుచగా తట్టి, తడి లేకుండ కాల్చిన జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టిన రెండు దినములు నిలుచును. చలికాలమున సజ్జరొట్టె. పల్లీల పొడి, నువ్వుల పొడి సీసాలలో ఉండవలయును. ఉల్లిగడ్డ, నిమ్మకాయ సంచిలో ఉండవలయును. పచ్చిపులుసునకు పొయ్యియే అక్కరలేదు: చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, ఉప్పు, ఇంచుక బెల్లము కలిపిన చాలును. ఒక గ్లాసు బియ్యము, అర గ్లాసు పొట్టు పెసరపప్పు, గుప్పెడు ఆకుకూర, పసుపు, ఐదు గ్లాసుల నీరు కుక్కరులో పోసిన డ్రైవరునకును క్లీనరునకును కిచిడి యగును. పెరుగన్నము కట్టుకొనువాడు పాలలో కొలదిగ పెరుగు కలిపి పోసికొన్నచో మధ్యాహ్నమునకు పులియదు. వేసవిలో కేబిను వేడికి రాత్రి అన్నము చెడును. దానిని చూచి దయ తలపరాదు, పారవేయవలయును. ఊరగాయ నంజుకొనుటకే, దానినే కూరగా తినువానికి ఉప్పు ఎక్కువై రక్తపుపోటు పెరుగును.

ఇంత సులువైనచో అందరును ఏల చేయుట లేదు? నా శిష్యుడొకడు ఢిల్లీకి బత్తాయి తోలెడివాడు. 1,500 కిలోమీటర్లకు పైబడిన దారి. పండు చెడకమునుపే మండీ చేరవలయును. చాయ, బీడీ, అర్ధరాత్రి దాబాలో నూనె తేలు కూర, ఇదియే అతని ఆహారము. పూటబత్తాలో మిగిలినది ఇంటికి పంపుటకై కొన్ని పూటలు అదియును లేదు. నలువది యేండ్లకే చక్కెరవ్యాధి వచ్చెను. వేళకు తినవేల రా యని అడిగితిని. “బండి ఆగితె సేటు అడుగుతడు సారూ, కడుపు మాడితె ఎవ్వలడుగుతరు?” అనెను. నాకు మాట తోచలేదు. చక్కెరవ్యాధిని అదుపులో ఉంచనిచో అది కన్నులను చెరచును. చూపు పోయినచో స్టీరింగు పోవును. స్టీరింగు పోయినచో ఇంటి పొయ్యి ఆరును. ఇప్పుడతడు పెట్టెలో కుక్కరు పెట్టుకొని, పూట తప్పక వండుకొనుచున్నాడు. మందును మానలేదు, మానరాదు కూడ. కాని వేళకు తిన్ననాడు మధ్యాహ్నము రెప్పలు బరువెక్కుట లేదని చెప్పినాడు.

ఆ ప్రశ్నకు ప్రభుత్వము ఒకప్పుడు ఒక ప్రత్యుత్తరము వ్రాసినది. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయింపరాదనియు, నడుమ అరగంటకు తక్కువ కాని విశ్రాంతి ఇయ్యవలయుననియు విధించినది. నేను చెప్పిన కిచిడి ఉడుకుటకును ఆ అరగంటయే చాలును. కాగితముమీది అరగంట దారిలో దొరకవలెనన్న లారీ యజమాని మనసు కావలయును. మన ఊళ్లలో లారీలు గలవారును మీలోనివారే. మీ మాట వారు వినకపోరు.

కావున పెద్దలకు నా విన్నపము మూడు మాటలు. మొదటిది, మగపిల్లవానికి స్టీరింగుకంటె ముందు గంటె పట్టుట నేర్పుడు. వంట ఆడువారి పనియని నవ్వకుడు, నలుడు వండినాడు. రెండవది, బండి బయలుదేరునాడు ఇంటినుండి రొట్టెలును పొడులును నీరును పంపుడు. మూడవది, యజమానితో కిరాయి మాటలాడునప్పుడే అరగంట మాటయు ఆడుడు. ఇంటికి తిరిగి వచ్చినవానిని ఎంత తెచ్చితివని అడుగుటకు ముందు, దారిలో ఏమి తింటివని అడుగుడు. నాలుగుమార్లు అడిగినచో ఐదవమారు వాడే వేళకు వండుకొనును.