నేరముల పట్టీ – ఖర్చుల పద్దు



నల్లపాడు జంక్షనులో గుంతకల్లు, పగిడిపల్లి రైలుమార్గములు చీలును. రాత్రి కల్లములో మిర్చి బస్తాలు దొంగిలించినవాడు తెల్లవారుసరికి వేరొక జిల్లాలో ఉండగలడు. వానికంటె ముందుగా వార్త అచటికి చేరవలెను గదా! ఇందులకే 2009లో కేంద్రప్రభుత్వము 2,000 కోట్ల రూపాయల అంచనాతో, దేశమందలి పోలీసు ఠాణాలను కంప్యూటర్లతో కలుపు పథకమును ఆమోదించినది.

కాని ధనమంతయు యంత్రములకే పోరాదు. పట్టీలో తప్పు దొర్లినచో ఏమగునో మన ప్రాంతమెరుగును. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టము, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించి, ఎరుకల కుటుంబములను చేసిన పనినిబట్టి గాక పుట్టుకనుబట్టి పట్టీకెక్కించినది. బాపట్ల చెంత స్టువర్టుపురం అట్లు వెలసినదే. 1952లో చట్టము రద్దయినను, ఆ ఊరివారిపై అనుమానము వెంటనే తొలగలేదు.

నాటి తప్పు ఒక ఠాణా దాటుటకు దినములు పట్టెడిది. నేటి తప్పు క్షణములో దేశమంతయు తిరుగును. కావున బడ్జెటులో మూడు పద్దులుండవలెను: వార్త పంపుటకు ఒకటి, నేరమేల జరుగుచున్నదో పరిశోధించుటకు ఒకటి, నిర్దోషులుగ తేలినవారి వివరములు సరిదిద్దుటకు ఒకటి. తాలుకాయ ఏరుటకు కూలి వెచ్చించని రైతుకు మేలికాయకు సయితము ధర దక్కదు.